పసుపు బల్బు కింద అందరూ బంగారమే

మా ఆస్పత్రి బాలింతల వార్డులో రాత్రిపూట ఏ రంగు దీపం వెలగాలో నిర్ణయించింది డాక్టరు కాదు, నర్సు కాదు, బిడ్డను కన్న తల్లి అసలే కాదు. ఒక కలప వ్యాపారి. ఆయన ఆస్పత్రి కమిటీకి ఛైర్మన్. పిల్లల్ని ఎత్తుకోవడం కూడా ఫొటో కోసమే వచ్చు ఆయనకి.

నర్సింగు చదువుతున్న అమ్మాయిలు ఇప్పటికీ అప్పుడప్పుడు మా ఇంటికొస్తారు. హెడ్‌సిస్టర్ ఎప్పుడయ్యారు, జీతం ఎంతుండేది, ఇంటర్వ్యూలో ఏమడుగుతారు, ఇవీ ప్రశ్నలు. వాటికి జవాబులు నాకు పెద్దగా గుర్తులేవు. గుర్తున్నది ఒక బల్బు. డెబ్బైల చివరి నుంచి ఎనభైల మధ్య దాకా విశాఖపట్నం పాత ఊళ్ళో, హార్బరుకు దగ్గర్లో ఉన్న ఒక ప్రైవేటు ఆస్పత్రిలో పనిచేశాను. పేరు చెప్పను. ఆ కమిటీ వాళ్ళు చాలామంది పోయారు, నా కోపం మాత్రం పోలేదు.

ట్యూబులైటు రోజులు

నేను చేరినప్పుడు వార్డులో రాత్రంతా ట్యూబులైట్లు వెలిగేవి. పురుటి నొప్పులు పడి వచ్చిన మనిషి ముఖం మీద చెంగు కప్పుకుని పడుకునేది. పసివాళ్ళు కళ్ళు చికిలించి ఏడ్చేవాళ్ళు. ఒకడు మొదలెడితే వార్డంతా అందుకునేది. దీపం ఆర్పేస్తే మాకు కళ్ళు కనపడవు, వెలిగిస్తే వాళ్ళకు కునుకు పట్టదు. కొందరు తల్లులు ఉయ్యాల మీద చీర కప్పేవాళ్ళు, దాంతో లోపల బిడ్డ ఎలా ఉన్నాడో ఎవరికీ తెలిసేది కాదు.

కాబట్టి రాత్రికి కాస్త మెత్తని వెలుతురు కావాలని అడిగింది నేనే. అడగడం తప్పని ఈనాటికీ అనుకోను. బాలింతకు నిద్ర కావాలి. పసిబిడ్డకు పగలూ రాత్రీ తేడా తెలియాలి. పాలిచ్చేటప్పుడు నెత్తిమీద దీపం సూటిగా కళ్ళలో గుచ్చుకుంటే తల్లికీ ఇబ్బందే, బిడ్డకీ ఇబ్బందే. మేము అడిగింది చిన్న తెల్ల బల్బులు, వాటికి అట్ట తొడుగులు, మంచం కాళ్ళ దగ్గర పెట్టేలా. అంతే.

రైలు పెట్టెలో దొరికిన వైద్యం

సరిగ్గా ఆ రోజుల్లోనే ఛైర్మన్‌గారు ఫస్టుక్లాసులో మద్రాసు వెళ్ళొచ్చారు. పెట్టెలో రాత్రి నీలం దీపం వెలిగిందట. ఆయనకు హాయిగా నిద్ర పట్టిందట. ఊళ్ళో దిగగానే ఎలక్ట్రీషియన్ని పిలిచి వార్డు నిండా నీలం జీరో బల్బులు పెట్టించారు. జీరో బల్బు అంటే మనవాళ్ళ ఇళ్ళల్లో పడక గదిలో వెలిగే ఆ చిన్న రంగు బల్బే.

"జీరో అంటే కరెంటే కాలదు సిస్టర్, మీరు తెల్లవార్లూ వేసుకోవచ్చు" అన్నారు నాతో. కరెంటు కాలకుండా వెలగడానికి అదేమైనా మిణుగురుపురుగా? అయినా ఆ మాట నమ్మినవాళ్ళు ఊరంతా ఉన్నారు కాబట్టి దానికి ఆయన్నొక్కణ్ణే అనను.

నీలం దీపం కింద మనుషులందరి పెదాలూ నీలంగానే ఉంటాయి. పాలు పొలమారి ఊపిరాడని బిడ్డ పెదాలు కూడా అదే రంగు. ఒకరోజు అలా ఒక బిడ్డ ఉక్కిరిబిక్కిరవుతుంటే పక్క మంచం మీది తల్లి ఆ ఎగశ్వాస విని కేకేసింది కాబట్టి బతికింది. కంటితో చూసి ఎవరం కనిపెట్టలేదు, కనిపెట్టే వీలు లేదు. మా డాక్టరమ్మను వెంటబెట్టుకుని ఛైర్మన్ దగ్గరకు వెళ్ళాను. డాక్టరమ్మ చేతులు మంచివి, కత్తిలాంటి బుర్ర. ఛైర్మన్ ఎదుట కూర్చుంటే మాత్రం ఆ బుర్ర పర్సులో పెట్టి మూసేసేది. ఆ రోజూ అంతే. మాట్లాడింది నేనొక్కదాన్నే.

"నీలం వద్దు. అంతే కదా?" అన్నారాయన.

"రంగే వద్దండీ. తెల్లది కావాలి."

"తెల్లది చప్పగా ఉంటుంది. పసుపు వేయిస్తాను. పసుపు శుభం కాదా?" అని, నా మెళ్ళోని సిలువ వైపు చూసి నవ్వి, "మీలో కాదేమోలెండి" అన్నారు.

గదిలో ఉన్నవాళ్ళందరూ నవ్వారు. డాక్టరమ్మ కూడా చిన్నగా నవ్వింది. నేను మతం గురించి మాట్లాడటానికి వెళ్ళలేదు, పసిపిల్లల ఒంటి రంగు గురించి మాట్లాడటానికి వెళ్ళాను. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు అనేవాడితో నాలుగో కాలు గురించి ఎంతసేపు వాదిస్తాం? మర్నాటికి వార్డు పసుపు బల్బులతో పెళ్ళిపందిరిలా ఉంది.

బుద్ధిమంతుడు

పోలమ్మ హార్బరు పిల్ల. మొగుడు అప్పన్న మరబోటు మీద వేటకెళ్ళి ఉన్నాడు. పురుటికి తోడొచ్చింది అత్త నూకాలమ్మ. హార్బరులో చేపల వేలంపాటలో ఈవిడ గొంతు లేస్తే పక్క పాట ఆగిపోయేదని చెప్పుకునేవారు. పోలమ్మకు రెండో కాన్పు. మొదటిది ఆడపిల్ల. ఈసారి మగపిల్లాడు.

నేను శెలవు నుంచి వచ్చి రాత్రి డ్యూటీలో చేరేసరికి వాడు పుట్టి ఒక రాత్రి గడిచింది. నూకాలమ్మ నన్ను చెయ్యి పట్టుకు లాక్కెళ్ళింది.

"సిస్టరమ్మా, రా, మా గుంటణ్ణి సూడు. మా ఇంట్ల అందరం తారు డబ్బాలం. ఈడు సూడమ్మా, ఏటి పసిమి సాయ! బంగారం పోత పోసినట్టు నేడూ?"

పసిమి. మన భాషలో అంత ముద్దైన మాట ఇంకోటి లేదు. పెళ్ళికూతురి ఒంటికి, పండబోయే పంటకు, లేత ఎండకు వాడతాం. పసిమి అన్న మాట ఎక్కడ ముగుస్తుందో, పచ్చకామెర్లు అన్న మాట ఎక్కడ మొదలవుతుందో చూడటమే పసిపిల్లల నర్సు పని. అది చూడటానికి తెల్లని వెలుతురు కావాలి. మా వార్డులో లేనిది అదే.

"పాలు తాగుతున్నాడా?"

"కొంచెం తాగి పడుకుంతన్నాడు. ఏడుపే నేదు. ఒట్టి బుద్ధిమంతుడు. పొద్దున మీ పెద్దబాబు వొచ్చి సూసి, దీపం మెత్తగుంటే పిల్లలెంత నిమ్మళంగుంటారో సూడండని ఎల్లినాడు."

పెద్దబాబు అంటే ఛైర్మన్. ఒంట్లో విషం ఎక్కి మగతలో పడిపోతున్న బిడ్డను చూసి, తన బల్బు గొప్పతనం అనుకుని వెళ్ళిన మహానుభావుడు.

ముందు రాత్రి డ్యూటీలో ఉన్న కరుణ కొత్తగా చేరిన నర్సు. శ్రద్ధగల పిల్ల. "నీకేమీ అనిపించలేదా?" అని అడిగాను. "ఆ దీపంలో అందరూ పచ్చగానే కనిపిస్తారు సిస్టర్. ఎవరని అనుకోను?" అంది. ఆ పిల్లను ఏమనాలి? పగలైనా చూడొచ్చు కదా అంటారేమో. పగలు బాలింతకు గాలి సోకుతుందని కిటికీలన్నీ బిగించేవాళ్ళు. దిష్టి తగులుతుందని నూకాలమ్మ మనవణ్ణి నిలువునా గుడ్డలో చుట్టి, ముక్కు కొస మాత్రం వదిలింది. పైగా మాడుకు, ఛాతీకి పసుపు కలిపిన నూనె పట్టించింది.

పచ్చకామెర్ల వాడికి లోకమంతా పచ్చగా కనిపిస్తుందని సామెత. మా వార్డులో లోకమంతా పచ్చగా ఉండి, కామెర్లవాడొక్కడే కనిపించకుండా పోయాడు.

గుమ్మం

వాడి నుదుటి మీద బొటనవేలుతో నొక్కి వదిలాను. రక్తం పక్కకు తప్పుకున్నప్పుడు అసలు చర్మం రంగు తెలుస్తుంది. పసుపు దీపం కింద నొక్కినా పసుపే, నొక్కకపోయినా పసుపే. నా చెయ్యి కూడా పసుపే. వార్డు టార్చిలో బ్యాటరీలు చచ్చి ఎన్నాళ్ళయిందో. ఇక తెల్ల దీపం ఉన్నది ఒక్క పురుటి గదిలోనే. బిడ్డను ఎత్తుకున్నాను.

నూకాలమ్మ గుమ్మానికి అడ్డంగా నిలబడింది. "ఎక్కడికి తీసుకెల్తన్నావ్? పురుడెల్లని గుంటణ్ణి రాత్రిపూట గుమ్మం దాటిత్తావా? అందులోనూ ఆ మైల గదిలోకి! నాను ఒప్పను."

"అమ్మా, వీడి రంగు నాకు నచ్చలేదు. దీపంలో చూడాలి."

"రంగు నచ్చనేదా? నల్లగుంటే నచ్చునా నీకు? మా ఇంట్ల ఒక్కడు తెల్లగా పుడితే మీ కళ్ళల్లో నిప్పులు పోసుకుంతన్నారు!"

ఆమె మీద నాకు కోపం రాలేదు. వచ్చిందని అంటే అబద్ధం. ఆమెకు ఆ ఆశ ఎక్కణ్ణించి వచ్చిందో నాకు తెలుసు. నల్లపిల్లను చూసి పెదవి విరిచే ఊరు మనది. పుట్టిన పిల్ల ఆరోగ్యం అడిగేముందు రంగడిగే జాతి మనది. ఆ రోగం నూకాలమ్మ పుట్టించింది కాదు.

పోలమ్మ మంచం మీంచి నెమ్మదిగా లేచింది. "అత్తా, ఒగ్గీ. పెద్దది పుట్టినప్పుడు ఏడ్సి ఇల్లు పీకీసింది. ఈడు నా రొమ్ము పట్టడం నేదు. నువ్వు ముచ్చట పడతన్నావని నాను సెప్పనేదు" అంది. నూకాలమ్మ పక్కకు జరిగింది.

పురుటి గది తెల్ల దీపం కింద గుడ్డ విప్పాం. నూనె తుడిచాను. ముఖం, ఛాతీ, పొట్ట, తొడలు, అన్నీ పండిన మామిడిపండు రంగు. కళ్ళ తెల్లగుడ్డు కూడా. కదిపితే సన్నగా, కీచుగా ఒక్క అరుపు అరిచి, మెడ వెనక్కు విరిచాడు. నూకాలమ్మకిప్పుడు ఎవరూ ఏదీ చెప్పక్కర్లేదు.

డాక్టరమ్మ క్వార్టరు వెనకే. కబురు పంపితే "రెండో మూడో రోజుకు పచ్చబడటం మామూలే, పొద్దున చూద్దాం" అని తిరుగు కబురు. నేనే వెళ్ళి తలుపు బాదాను. వచ్చింది. చూసింది. ముఖం పాలిపోయింది.

"ఎప్పట్నుంచి ఇలా ఉన్నాడు?" అంది.

నేను గుమ్మం అవతల వార్డులోని పసుపు దీపాల వైపు చూశాను, ఆమె వైపు చూశాను. ఆ ప్రశ్నకు మా ఆస్పత్రిలో జవాబు చెప్పగలిగిన మనిషి లేడు. ఒకరోజా, పూటా, పుట్టిన దగ్గర్నుంచా? తల్లి రక్తానికీ బిడ్డ రక్తానికీ పడక వచ్చే కామెర్లకు ప్రతి గంటా లెక్కే. ఆ గంటలన్నీ పసుపు బల్బు తినేసింది.

పెద్దాసుపత్రికి పంపాలి. ఒంట్లో రక్తమంతా మార్చాలి. మా ఆస్పత్రి వ్యాను ఛైర్మన్‌గారింటి పెళ్ళిపనుల మీద ఉంది. చివరకు నూకాలమ్మే రోడ్డు మీదకు పరుగెత్తి, హార్బరుకు పోతున్న చేపల వ్యానుకు అడ్డం పడింది. బిడ్డను గుండెకు హత్తుకుని నేను, పక్కన ఆవిడ. దారంతా ఒక్క మాటే అనుకుంటూ వచ్చింది: "నల్లగా పుట్టినా బాగుణ్ణు. నల్లగా పుట్టినా బాగుణ్ణు నా నాయన."

ఆ వ్యాను డ్రైవరే తిరిగి హార్బరుకు పోయి, బోటెక్కబోతున్న కుర్రాళ్ళను రక్తమివ్వడానికి తోలుకొచ్చాడు. సముద్రానికి భయపడని వాళ్ళు సూదికి వణుకుతూ వరసలో నిలబడ్డారు. వాళ్ళలో ఒకడి రక్తం సరిపోయింది. తెల్లవారేసరికి పని మొదలైంది. అక్కడి డాక్టర్లు ఎంత చెయ్యగలరో అంతా చేశారు. "ప్రాణం దక్కిందమ్మా. మిగతాది ఎదిగాక తెలుస్తుంది" అని నాతో అన్నారు.

ముందే చెప్పాను కదా

ఈ సంగతి కమిటీ ముందుకొచ్చింది. రక్తం మార్చాక పెద్దాసుపత్రిలో వాణ్ణి నీలం ట్యూబుల కింద పడుకోబెట్టారు. కామెర్లకు అదొక వైద్యం. అది ఎవరో ఛైర్మన్ చెవిన వేశారు. ఆయన ముఖం వెలిగిపోయింది.

"చూశారా! నీలం దీపమే మంచిదని నేను ముందే చెప్పాను కదా. మీ సిస్టరే తీయించింది."

నేను లేచి నిలబడ్డాను. "అది దీపం కాదండీ, మందు. ఎవరికి, ఎంతసేపు, ఎంత దూరం నుంచి అని కొలిచి, కళ్ళకు గంతలు కట్టి ఇచ్చే మందు. మీది రైలు పెట్టెలో కునుకు" అన్నాను. ఆయన నా ఉద్యోగం గురించి ఏదో అన్నారు. నేను వినలేదు, వార్డుకు నడిచాను. స్టూలు వేసుకుని ఎక్కి, ఒక్కొక్క పసుపు బల్బూ తిప్పి తీశాను. స్టూలు కాలు సరిగ్గా లేదు, కదులుతోంది. వంగి చూస్తే డాక్టరమ్మ వచ్చి పట్టుకుని ఉంది. ఆమె చేసిన ఆ పనికి నాకు కృతజ్ఞత ఉంది. కానీ ఛైర్మన్ గదిలో మొదటిరోజే నోరు విప్పి ఉంటే ఎవరూ స్టూలు ఎక్కవలసిన పని ఉండేది కాదు. డాక్టర్ కాబోయేవాళ్ళు చదువుతుంటే ఇది కూడా చదవండి.

చిత్రమేమిటంటే, బల్బులు తీసినందుకు నన్ను ఎవరూ ఏమీ అనలేదు. ఛైర్మన్ ఆ పక్కకు రావడం మానేశారు. ఆయనకు దీపం మీద ఉన్న మోజు అంతే.

ఏ దీపం పెట్టాలి

ఆ తర్వాత మేము పెట్టినదే మీకూ చెబుతున్నాను. రాత్రి దీపం తల్లి దారి చూసుకోవడానికి. అందుకు పాలరంగు చిన్న బల్బు చాలు, బిడ్డ నెత్తిమీద కాదు, మోకాలి ఎత్తుకు దిగువన, అట్టో గుడ్డో చాటు పెట్టి, వెలుతురు నేల మీద పడేలా. గుడ్డ బల్బుకు తగిలితే అంటుకుంటుంది, ఎడంగా ఉంచండి. బిడ్డను చూసే దీపం వేరు. అది మీ చేతిలో ఉండాలి, తెల్లగా ఉండాలి, దాని బ్యాటరీలు మీరే చూసుకోవాలి. ఈ రెంటినీ ఒక్క దీపంతో కానిచ్చేద్దామనుకున్న చోటే తిప్పలు మొదలవుతాయి. పొద్దున్నే ఒక కిటికీ అయినా తెరిపించి, ప్రతి బిడ్డనూ ఆ వెలుగులోకి తీసుకెళ్ళి, గుడ్డ విప్పి చూడండి. ముసలమ్మలు తిడతారు. తిట్టించుకోండి.

ఇళ్ళల్లో కూడా ఇంతే. ఒకసారి పోర్టు క్వార్టర్సులో గోదావరి జిల్లా నుంచి వచ్చిన ఒక కుటుంబం ఇంటికి బాలింతను చూడటానికి వెళ్ళాను. దేవుడి పటం దగ్గరుండే ఎర్ర బల్బు తెచ్చి ఉయ్యాల పైన కట్టారు. "పిల్ల ఎర్రగా ముద్దొస్తుందండీ" అన్నాడు తండ్రి. పక్కగుడ్డ తడిగా ఉంటే ఉచ్చ పోసిందనుకుని మడత మార్చబోతున్నారు. నా వేలికి జిగటగా తగిలింది. బొడ్డుకు కట్టిన దారం వదులై నెత్తురు కారుతోంది. ఎర్ర దీపంలో నెత్తురుకు రంగుండదు. దారం బిగించాను, పిల్ల బాగానే ఉంది. ఆ బల్బు నా చేత్తో తీసి తండ్రి చేతిలో పెట్టి, దేవుడి దగ్గరే ఉంచమన్నాను.

ఇప్పుడు మధురవాడ అపార్టుమెంట్లలో పసిపిల్లల గదికి రంగులు మారే దీపాలు పెడుతున్నారు. మీట నొక్కితే ఊదా, మళ్ళీ నొక్కితే ఆకుపచ్చ. ఏ రంగు మంచిదని నన్నడిగితే పెద్దావిడ అరిచిందని చెప్పుకుంటున్నారట. అరిచాను. మళ్ళీ అడిగినా అరుస్తాను.

హార్బరులో

కొన్నేళ్ళకు ఒక తెల్లవారుజామున చేపలు కొనడానికి హార్బరుకు వెళ్ళాను. బోట్లు వచ్చి ఉన్నాయి, వేలం పాటలు జోరుగా ఉన్నాయి. అంత గోలలో నూకాలమ్మ గొంతు నేను గుర్తుపట్టాను. ఆమె పక్కన బుట్టల మధ్య ఒక కుర్రాడు, పాట పాడేవాళ్ళ వేళ్ళ వైపు, పెదాల వైపు కన్నార్పకుండా చూస్తూ నిలబడ్డాడు. సూర్యుడు అప్పుడే పైకొచ్చాడు. ఆ ఎండలో వాడు వాళ్ళింటి రంగే. చక్కని నలుపు.

"బంగారయ్యా!" అని పిలిచింది నాకోసం. వాడు తిరగలేదు. ఆమె భుజం తట్టింది. అప్పుడు తిరిగి నన్ను చూసి నవ్వాడు.

"ఇనపడదమ్మా" అంది నూకాలమ్మ. "మాటా రానేదు. కామెర్లు సెవుల్లోకి ఎక్కీసినాయని సెప్పినారు. మిగతాదంతా సురుకే."

నేను వాడి తల నిమిరాను. ఆమే అడిగింది. కమిటీలో ఒక్కరూ, ఇన్నేళ్ళలో ఒక్కసారీ నన్నడగని మాట.

"ఆ పసుప్పచ్చ దీపాలు తీసీసినారా సిస్టరమ్మా?"

"తీసేశామమ్మా. ఆ వారంలోనే."

"కష్టపడాల్సొచ్చినాదేటి?"

"లేదు. స్టూలెక్కి తిప్పడమే."

ఆమె మనవడి వైపు చూసింది, నా వైపు చూసింది.

"మరి అంతోటి పనికి, మా గుంటడి సెవులు పోతేగానీ స్టూలు దొరకనేదేటమ్మా మీకు?"